జేబులో కనెక్టర్, స్క్రీన్ మీద నంబర్లు

మా ఇంట్లో ఎవరైనా దెయ్యాల మాట ఎత్తితే ముందు నవ్వేది నేనే. కరెంటు పని చేసేవాళ్లం మేము. ఎక్కడైనా బల్బు దానంతటదే వెలిగి ఆరుతోందంటే, న్యూట్రల్ తీగ వదులైందేమో అన్న అనుమానమే మాకు ముందు వస్తుంది.

మాది కొండాపూర్ మండలంలో ఒక పల్లె. నేను డిప్లొమా చదివే రోజుల్లో మా ఊరి బయట ఒక బావి దగ్గర ఆడమనిషి ఏడుపు వినిపిస్తోందని పుకారు లేచింది. చీకటి పడితే జనం ఆ దారి మానేశారు. నేను వెళ్లి చూస్తే అక్కడి పంపు మోటారు బేరింగు ఎండిపోయి కూస్తోంది. ఇంత గ్రీజు పెట్టి వచ్చాను. ఏడుపు ఆగిపోయింది. మా అమ్మ ఆ సంగతి చుట్టాలందరికీ గర్వంగా చెప్పుకునేది.

అలాంటివాణ్ణి నేను. ఇప్పుడు చెప్పబోయేది కూడా అలాగే చెబుతాను, ఎక్కడా పెంచకుండా. ఇందులో తెల్లచీర లేదు, అమావాస్య లేదు. పట్టపగలు, పదకొండు గంటల వేళ, ఇద్దరం మనుషులం చూస్తుండగా జరిగింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట ఇది. బాలానగర్‌లో కంట్రోల్ ప్యానెళ్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో సర్వీస్ ఇంజనీరుగా చేసేవాణ్ణి. సంగారెడ్డిలో కిరాయికి ఉండేవాళ్లం. కొత్తగా పెళ్లయింది. పటాన్‌చెరు చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో మా ప్యానెల్ ఏది మొరాయించినా స్కూటర్ వేసుకుని పోవడం నా పని. ఆ పని నాకు ఇష్టంగా ఉండేది. ఎవరికీ అంతుబట్టని రోగాన్ని పట్టుకుని, నయం చేసి, క్యాంటీన్‌లో టీ తాగి ఇంటికి రావడంలో ఒక తృప్తి ఉంది. ఇప్పటికీ ఉంది.

ఇస్నాపూర్ దాటాక ఒక మందుల ముడిసరుకు ఫ్యాక్టరీ నుంచి ఫిర్యాదు వచ్చింది. పేరు అక్కర్లేదు. అక్కడ ఒక పెద్ద హాల్లో రెండు రియాక్టర్లు ఉండేవి. రియాక్టరంటే మూతపెట్టిన పెద్ద స్టీలు గంగాళం అనుకోండి. దాని చుట్టూ ఇంకో పొర ఉంటుంది. వేడెక్కించాలంటే ఆ పొరలోకి స్టీమ్ వదులుతారు. చల్లార్చాలంటే నీళ్లు వదులుతారు. లోపల రసాయనాలు ఉడుకుతాయి.

హాలుకు ఒక చివర ఎలక్ట్రికల్ గది. అందులో మా కంట్రోలర్ పెట్టె. వేడి ఎంతుందో చూసుకుంటూ స్టీమ్ వాల్వ్‌ను తెరవడం, మూయడం దాని పని. రెండో చివర అద్దాల క్యాబిన్. అందులో ఆపరేటర్ కూర్చుంటాడు. అతని ముందు గోడకు ఒక టచ్ స్క్రీన్. ఈ పెట్టెకూ ఆ స్క్రీన్‌కూ మధ్య ఒకే ఒక కేబుల్. హాలు పైభాగంలో ఇనుప ట్రే మీదుగా నలభై మీటర్లు పోతుంది. పెట్టెలో ఉన్న నంబర్లు ఆ కేబుల్ గుండానే వచ్చి స్క్రీన్ మీద కనపడాలి. ఇంకో దారి లేదు. ఈ ఒక్కటీ గుర్తుంచుకుంటే చాలు.

ఫిర్యాదు ఏమిటంటే, రోజుకు రెండు మూడుసార్లు ఆ సంబంధం తెగిపోతోంది. స్క్రీన్ పైన ఎర్ర పట్టీ వస్తుంది. నంబర్లు ఉండాల్సిన చోట గీతలు వస్తాయి. పది పదిహేను నిమిషాలు అలా ఉండి, దానంతటదే మళ్లీ బాగవుతుంది.

క్యాబిన్‌లో ఆపరేటర్ పేరు జహంగీర్. యాభైకి దగ్గర్లో ఉండేవాడు. ఇస్నాపూర్‌లో సొంత ఇల్లు. స్క్రీన్లు రాకముందు ఇరవై ఏళ్లు చేత్తో వాల్వులు తిప్పిన మనిషి. కొత్తలో ఈ స్క్రీన్ ముట్టుకోవడానికి భయపడ్డాడట. నేను వెళ్లేసరికి మాత్రం రోజూ డ్యూటీ ఎక్కగానే దాన్ని మెత్తటి పాత బనీను గుడ్డతో తుడిచేవాడు. ఇంగ్లీషు మాటలు చదవలేడు, అంకెలు చదువుతాడు. ఏ రంగు వస్తే ఏం చేయాలో తెలుసు.

మొదటి రోజు నాతో అన్నాడు.

"గిది నారాజ్ అయితది సార్ అప్పుడప్పుడు. జెర సేపు ఊకుంటె మళ్లీ మాట్లాడ్తది. మేం గూడ అలవాటు పడ్డం."

ఆ అలవాటే ప్రమాదమని అప్పుడు ఎవరికీ తట్టలేదు. నాక్కూడా.

మొదటి రెండు రోజులు చేయాల్సినవన్నీ చేశాను. రెండు వైపులా కనెక్టర్లు బిగించాను. ఎర్తింగ్ చూశాను. సెట్టింగులు సరిచూశాను. మోటార్ల కేబుళ్లకు ఆనుకుని ఉన్నచోట మా కేబుల్‌ను దూరం జరిపాను. బాగైనట్టే ఉండేది, మళ్లీ తెగేది.

ఇంకో గొడవ కూడా ఉండేది. సంబంధం తెగినప్పుడల్లా హాల్లో హెచ్చరిక హూటర్ మోగేది. వేడి హద్దు దాటినా అదే హూటర్ మోగాలి. ఊరికే మోగుతుంటే హాల్లో పనిచేసేవాళ్లు విసుక్కున్నారు. సమస్య తేలేదాకా దాని నోరు మూయించమని అడిగారు. రెండో రోజు సాయంత్రం ఆ హూటర్ వైరు ఊడదీశాను. ఊడదీసింది నేనే. పైవాళ్లెవరికీ చెప్పలేదు. ఒకటి రెండు రోజుల్లో మళ్లీ పెడతాను కదా అనుకున్నాను.

రియాక్టర్ మీద వేడి చూపించే ముల్లు మీటరు ఒకటి ఉండాలి. ఆ వారం దాన్ని పరీక్షకు బయటికి పంపారు. అంటే ఆ మూడు రోజులూ హాల్లో ఉన్న మనిషికి లోపలి వేడి తెలియాలంటే ఆ స్క్రీనే దిక్కు.

మూడో రోజు పొద్దున వస్తూ ఉంటే ఇస్నాపూర్ చౌరస్తా దగ్గర స్కూటర్ పంక్చరైంది. అది వేయించుకుని చేరేసరికి పదిన్నర. ఆ రోజు మొదటి బ్యాచ్, అంటే మొదటి వాయి, పదింటికల్లా అయిపోతుందని ముందురోజే చెప్పారు. బ్యాచ్ అయ్యాక గంటసేపు రియాక్టర్ ఖాళీగా ఉంటుంది, ఆ గంటలో కేబుల్ విప్పి చూద్దామని నా ఆలోచన. పొద్దున బాయిలర్ ఆలస్యంగా రాజుకుందనీ, బ్యాచ్ ఇంకా నడుస్తోందనీ నాకు తెలియదు. క్యాబిన్‌కు పోయి ఒక్కమాట అడిగితే తెలిసేది. అడగలేదు. వెనక తలుపు నుంచి నేరుగా ఎలక్ట్రికల్ గదిలోకి పోయాను. స్టీమ్ చప్పుడు వినిపించింది గానీ, అది రెండో రియాక్టర్‌ది అనుకున్నాను.

కంట్రోలర్ పెట్టెకు బిగించి ఉన్న కేబుల్ కనెక్టర్‌ను ఊడబెరికాను. దాని మీద అనుమానంతో రెండు తీగలూ విప్పేసి, కనెక్టర్‌ను చొక్కా జేబులో వేసుకున్నాను. విడిగా వేలాడుతున్న రెండు తీగల కొసలకూ వేర్వేరుగా నల్ల టేపు చుట్టాను. తర్వాత నిచ్చెన తెచ్చుకుని, హాలు పక్క నడవాలో ట్రే మీద కేబుల్ పోయే దారంతా చేత్తో తడుముతూ చూసుకుంటూ పోయాను. స్క్రీన్ ఆగిపోయి ఉంటుందని నాకు తెలుసు. ఖాళీ రియాక్టర్‌కు స్క్రీన్ ఆగితే ఏం నష్టం అనుకున్నాను.

అరగంట గడిచి ఉంటుంది. నిచ్చెన మీద ఉండగా క్యాబిన్ తలుపు దబ్బున తెరుచుకున్న చప్పుడు. జహంగీర్ గొంతు. అద్దంలోంచి నా నిచ్చెన చూసి ఉంటాడు.

"సార్! శీను సార్! జల్దీ రాండ్రి! డెబ్బై దాటింది!"

ఒక్క ఉదుటున దిగాను. లోపల రసాయనం అరవై రెండు డిగ్రీల దగ్గర నిలవాలి. ఎనభై దాటితే పొంగుతుంది. మూత సందుల్లోంచి ఆవిరి బయటికి కొడుతుంది. ఆ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ సమయంలో హాల్లో ఏడెనిమిది మంది పనిలో ఉన్నారు.

నేను క్యాబిన్‌లోకి వచ్చేసరికి జహంగీర్ స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించాడు.

"గిదో సూడుండ్రి. స్క్రీన్ మీది బొమ్మల వాల్వ్ మూసే ఉన్నది. నంబరేమో ఎక్కుతనే ఉన్నది. నాకు నమ్మకం లేదు. వాల్వ్ ఇరుక్కున్నట్టున్నది. నేను చేత్తోని బంద్ జేస్త. మీరు నంబర్ రాస్తనే ఉండుండ్రి!"

చేతిలో ఉన్న పెన్ను నా చేతికిచ్చి పరుగెత్తాడు. మెట్లు ఎక్కుతూనే హాల్లో వాళ్లను బయటికి పొమ్మని అరిచాడు. ఆ వయసులో ఆయన అంత వేగంగా కదలగలడని నేను ఊహించలేదు. అద్దంలోంచి చూస్తున్నాను. స్టీమ్ పైపు మీది చేతి చక్రాన్ని రెండు చేతులతో పట్టి తిప్పుతున్నాడు. తర్వాత వంగి నీళ్ల వాల్వ్ తెరుస్తున్నాడు.

స్క్రీన్ చూశాను. డెబ్బై అయిదు పాయింట్ ఒకటి. డెబ్బై అయిదు పాయింట్ ఆరు. డెబ్బై ఆరు. గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది. జహంగీర్ బ్యాచ్ షీట్‌లో అయిదు నిమిషాలకొక వరుస ఉంటుంది. పదకొండూ పది వరుసలో నేను రాశాను: 76.3.

అక్కడ ఆగింది. కొన్ని క్షణాలు కదల్లేదు. తర్వాత 76.2. తర్వాత 75.9.

జహంగీర్ క్యాబిన్‌లోకి తిరిగి వచ్చేసరికి చొక్కా తడిసి ముద్దయింది. చేతులు ఎర్రగా కందిపోయాయి. స్క్రీన్ చూశాడు, కుర్చీలో కూర్చున్నాడు.

"బచ్ గయే, బతికినం," అన్నాడు. నా చేతిలోంచి పెన్ను తీసుకుని తర్వాతి వరుసలు మళ్లీ తనే నింపసాగాడు. వేడి నిదానంగా దిగుతోంది. డెబ్బై, అరవై ఏడు, అరవై అయిదు.

అప్పుడు చెమట తుడుచుకుందామని చేతి రుమాలు కోసం చొక్కా జేబులో చెయ్యి పెట్టాను. వేలికి ఏదో గుచ్చుకుంది. బయటికి తీశాను. కనెక్టర్.

మొదట అర్థం కాలేదు. నిజం చెబుతున్నాను. అరచేతిలో దాన్ని పెట్టుకుని చూస్తున్నాను. ఆ తర్వాత స్క్రీన్ వైపు చూశాను. 64.5 ఉంది. నేను చూస్తుండగానే 64.4 అయింది.

ఆ నంబరు అక్కడికి రావడానికి దారి లేదు. ఆ దారి నా అరచేతిలో ఉంది.

జహంగీర్‌తో ఏమీ చెప్పకుండా హాలు దాటి ఎలక్ట్రికల్ గదికి నడిచాను. పెట్టె తలుపు నేను తెరిచి ఉంచినట్టే ఉంది. కేబుల్ కొస వేలాడుతోంది. రెండు తీగలకూ నేను చుట్టిన నల్ల టేపు అలాగే ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కంట్రోలర్ మీద కేబుల్ పెట్టే చోటు ఖాళీగా ఉంది.

మళ్లీ క్యాబిన్‌కు వచ్చాను. స్క్రీన్ మీద ఎర్ర పట్టీ, కింద గీతలు.

"మీరు అట్ల పోంగనే పోయింది సార్," అన్నాడు జహంగీర్ తాపీగా. "పోతే పోనీయుండ్రి. మన పని అయింది."

కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుని, కనెక్టర్ చూపించి, పదిన్నర దాటగానే దాన్ని ఊడదీశానని చెప్పాను. హూటర్ వైరు సంగతి కూడా చెప్పాను. ఆయన కూజాలోంచి నీళ్లు వంచి ఇచ్చాడు.

"ముందుగాల ఇవి తాగుండ్రి. తర్వాత మేనేజర్ సాబ్ దగ్గరికి పోదాం. నేను గూడ వస్త."

వాల్వ్ ఇరుక్కోవడానికి కారణం ఆ మధ్యాహ్నమే తేలింది. దాన్ని నడిపే గాలి పైపులోకి నీరు చేరింది. కంట్రోలర్ మూసుకొమ్మని చెబుతూనే ఉంది, వాల్వ్ సగంలో ఆగిపోయింది. అందులో వింతేమీ లేదు.

మేనేజర్ గారి గదిలో నా తప్పులు రెండూ నేనే చెప్పుకున్నాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆయన తిట్టవలసినవన్నీ తిట్టాడు. అన్నీ న్యాయమైనవే. తర్వాత బ్యాచ్ కాగితాలు తెమ్మన్నాడు.

కాగితాలు రెండు రకాలు ఉన్నాయి. ఒకటి జహంగీర్ స్క్రీన్ చూసి చేత్తో రాసిన షీట్. రెండోది కంట్రోలర్ తనలో తాను అయిదు నిమిషాలకోసారి దాచుకుని, చివర్న పక్కనున్న చిన్న ప్రింటర్ మీద అచ్చువేసేది. ఈ ప్రింటర్ ఎలక్ట్రికల్ గదిలోనే ఉంటుంది, స్క్రీన్‌తో దానికి సంబంధం లేదు.

మేనేజర్ గారు రెండూ పక్కపక్కన పెట్టి, స్కేలు అడ్డంగా పెట్టి ఒక్కో వరుసా చదివాడు. పదీ నలభై అయిదు: ఇందులో 61.8, అందులో 61.8. పదకొండు గంటలు: ఇందులో 66.0, అందులో 66.0. పదకొండూ పది, నా చేతిరాత: 76.3. అచ్చులో 76.3. పదకొండూ పాతిక దాకా ఒక్క అంకె తేడా లేదు.

ఆయన స్కేలు పక్కన పెట్టి, స్క్రీన్‌లో ఏముందో చూడమన్నాడు. సంబంధం ఎప్పుడు తెగిందో, ఎప్పుడు కలిసిందో స్క్రీన్ తన జాబితాలో రాసుకుంటుంది. వెళ్లి చూశాం ముగ్గురం. పదీ ముప్పై ఎనిమిదికి తెగింది అని ఉంది. కలిసినట్టు ఆ తర్వాత ఎక్కడా లేదు. గ్రాఫ్ కూడా పదీ ముప్పై ఎనిమిది దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత ఖాళీ. గడియారాల్లో తేడా ఉందేమోనని అవి కూడా సరిపోల్చాం. గోడ గడియారం, కంట్రోలర్, స్క్రీన్, మూడింటికీ మధ్య ఒక్క నిమిషమే తేడా.

మేనేజర్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నీకేమన్న సమజైందా జహంగీర్?" అని అడిగాడు.

"నాకు సమజ్ గావాల్సిందేం లేదు సార్. నంబర్ వచ్చింది, నేను సూసిన. ఇస్టీమ్ బంద్ చేసిన."

"స్క్రీన్ ఆగిపోయి ఉంటే ఏం చేసేటోడివి?"

జహంగీర్ కొంచెం తల దించుకున్నాడు. "అబద్ధమెందుకు సార్. ఎప్పట్లెక్కనే ఊకె కూసుందును. జెర సేపైతే వస్తది గదా అని."

మేనేజర్ గారు నా వైపు తిరిగి, "పోయి ముందు ఆ హూటర్ వైరు పెట్టు. ఆ తర్వాత అన్నం తిను" అన్నాడు. మా ఆఫీసుకు ఫోన్ చేస్తానన్నాడు గానీ, చేసి నన్ను తీసెయ్యమని మాత్రం చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం జహంగీర్ డబ్బాలోంచి జొన్నరొట్టె, గోంగూర పప్పు ఇద్దరం తిన్నాం. అంత ఆకలి నాకు ఎప్పుడూ వేయలేదు. చేతులు కందిపోయి ఆయనకు రొట్టె తుంచడం కష్టంగా ఉంటే నేను తుంచి పెట్టాను. ఏదో పెద్ద పరీక్ష పాసైనవాళ్లలా ఇద్దరం ఊరికే నవ్వుకున్నాం.

కొత్త కనెక్టర్ వేసి, సాయంత్రం ట్రే మీద మిగిలిన భాగం కూడా తడిమి చూశాను. అసలు రోగం దొరికింది. స్టీమ్ పైపు కేబుల్ ట్రేకు జానెడు కింద పోయే చోట, ఎప్పుడో తెగిన కేబుల్‌ను ఎవరో మెలిపెట్టి టేపు చుట్టి, పైన రంగు వేసేశారు. పైపు వేడెక్కితే ఆ అతుకు వదులయ్యేది. చల్లారితే మళ్లీ అంటుకునేది. రోజూ తెగి రావడానికి కారణం అదే. కేబుల్ మొత్తం మార్చి, పైపుకు దూరంగా వేశాం. ఆ తర్వాత ఆ స్క్రీన్ ఒక్కరోజు కూడా ఆగలేదు. సర్వీస్ రిపోర్టులో ఇదంతా రాశాను. హూటర్ సంగతీ రాశాను. ఆ ముప్పావు గంట గురించి మాత్రం ఏం రాయాలో తెలియక వదిలేశాను.

రాత్రి ఇంటికి వెళ్లి మా ఆవిడకు చెప్పాను. ఆమె వెంటనే, "మీ పెద్దలెవరో కాసిండ్రు" అంది. మర్నాడు పొద్దున కొబ్బరికాయ కొట్టింది. నేను వద్దనలేదు.

నేను మాత్రం ఊరుకోలేదు. మా వర్క్‌షాపులో అదే రకం స్క్రీన్‌ను టేబుల్ మీద పెట్టి, కేబుల్ ఊడదీసి చూశాను. మూడు సెకన్లలో ఎర్ర పట్టీ. మళ్లీ పెట్టి, మళ్లీ తీశాను. వారం రోజుల పాటు సమయం చిక్కినప్పుడల్లా అదే పని. ఒక్కసారి కూడా నంబర్లు నిలవలేదు. మా కంపెనీ సార్ చూసి చూసి, "నువ్వు కనెక్టర్ తర్వాతెప్పుడో తీసి ఉంటావు, హడావిడిలో తేదీలూ టైములూ కలిపేసుకున్నావు" అన్నాడు. స్క్రీన్ జాబితాలో పదీ ముప్పై ఎనిమిది ఉందని చెప్పాను. "అయితే స్క్రీన్ పాడైంది" అన్నాడు. పాడైన స్క్రీన్ సరైన నంబర్లు ఎలా చూపిస్తుందని అడిగాను. ఆయన టీ తెప్పించాడు.

నలభై మీటర్ల అవతల గోడల మధ్య ఉన్న పెట్టెలో నంబరు ఎంతుందో, తీగ లేకుండా ఆ స్క్రీన్‌కు తెలిసే మార్గం ఏదైనా ఉంటే నేను వినడానికి సిద్ధం. ఇరవై ఏళ్లుగా అడుగుతూనే ఉన్నాను.

తర్వాత నేను సొంతంగా పటాన్‌చెరులో చిన్న ప్యానెల్ షాపు పెట్టుకున్నాను. నడుస్తోంది, కొదవ లేదు. నా దగ్గర పనిచేసేవాళ్లకు రెండే రెండు కట్టుబాట్లు పెట్టాను: హూటర్ వైరు ముట్టుకోవద్దు, అడగకుండా ఏదీ ఊడదీయొద్దు. జహంగీర్ భాయ్ రిటైరయ్యాడు. రంజాన్ పండక్కు నేను కుటుంబంతో ఇస్నాపూర్ పోతాను. ఆయన భార్య మా పిల్లలకు షీర్ ఖుర్మా పాయసం గిన్నెలు నింపి పెడుతుంది. ఆ రోజు సంగతి మేమిద్దరం ఎక్కువ మాట్లాడుకోం. నేనే ఎప్పుడైనా కదిపితే, "నేను అల్లాకు షుకర్ చెప్పిన, స్క్రీన్‌కు సలాం కొట్టిన. ఇద్దర్ల ఎవరు చేస్తే ఏంది సార్?" అని నవ్వేస్తాడు.

ఇన్నేళ్లూ నేను ఆ సంగతిని ఒక విధంగా సర్దుకుంటూ వచ్చాను. నేను తీగ ఊడదీసినా స్క్రీన్ ఎందుకో ఆగలేదు, అప్పటిదాకా నడుస్తున్నది నడుస్తూ పోయింది, అంతే కదా అని. అది కారణం కాదని నాకు తెలుసు. కానీ మనసు నిలబడడానికి ఒక మెట్టులా ఉండేది.

పోయిన పండక్కు భోజనాలయ్యాక వాకిట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. జహంగీర్ భాయ్ మనవడు ఎవరి ఫోన్‌లోనో వేలితో ఏదో జరుపుతున్నాడు. అది చూస్తూ ఆయన ఊరికే మాటల్లో అన్నాడు.

"ఆ దినం నేను టీ తాగొచ్చి కూసునెటాళ్లకు స్క్రీన్ ఎర్రగనే ఉండె సార్. అన్ని గీతలే. రోజూ ఉండేదే గదా అని కుర్చీల కూసున్న. గుడ్డ తీసుకోని తుడిసిన. తుడుస్తుంటనే నంబర్లు వచ్చినయి."

నేను ఆయన వైపు తిరిగాను.

"గీ మాట మరి ఎన్నడు చెప్పలేదేంది భాయ్?"

"చెప్పేటందుకేమున్నది? మీరు అవుతల ఉండి బాగు చేసిండ్రనుకున్న."

ఆయన భార్య లోపలి నుంచి టీలు తెచ్చింది. గ్లాసు తీసుకుని చేతిలో పట్టుకున్నాను. స్క్రీన్ పదీ ముప్పై ఎనిమిదికి నిజంగానే ఆగిపోయింది. ఆ తర్వాత, కనెక్టర్ నా జేబులో ఉండగా, ఒక మనిషి వచ్చి ముందు కూర్చున్నాక మళ్లీ మొదలైంది. ఆయన పని అయ్యేదాకా చూపించి ఆగింది.

అంతకు మించి నాకు తెలియదు. తెలిసినట్టు చెబితే అబద్ధమవుతుంది.

"సల్లారిపోతది, తాగుండ్రి," అన్నాడు జహంగీర్ భాయ్.

తాగాను.